మన గ్రామముల క్రింది రాళ్లు : వాని పుట్టుక, వాని స్వభావము

గ్రామ పంచాయతీ సమావేశములలో చర్చకు వచ్చు విషయములు పరిశీలించినచో వానిలో అనేకము రాతితో సంబంధము కలిగియుండుట కనబడును. త్రాగునీటి బోరు ఎక్కడ వేయవలెను? బాటకు కంకర ఎక్కడినుండి తేవలెను? ఊరి గుట్టపై క్వారీ పెట్టెదమని వచ్చినవారికి ఏమని సమాధానము చెప్పవలెను? ఈ ప్రశ్నలన్నియు చివరకు మన కాళ్ల క్రింద నున్న రాయి ఎట్టిదను ప్రశ్నకే చేరును.

ఒక ఉదాహరణము తీసికొందము. పాఠశాల ప్రక్కన వేసిన బోరులో 120 అడుగులకే నీరు పడును. అచటికి నూరు గజముల దూరమున మరియొక బోరు 500 అడుగుల వరకు దింపినను రాతిపొడి తప్ప వేరేమియు పైకి రాదు. ఖర్చు మాత్రము రెండింటికిని పంచాయతీయే భరింపవలెను. కొందరు దీనిని అదృష్టమందురు. మరికొందరు కొబ్బరికాయ పట్టి చోటు చూపినవాని పొరపాటందురు. మేము చెప్పదలచినది వేరు. రాయి ఏ విధముగా పుట్టినదో, ఆ విధమునుబట్టియే అది నీటిని దాచుకొనును, బరువును మోయును, మన్నుగా మారును. రాయి పుట్టుక తెలిసిన పంచాయతీ తన సొమ్మును, తన నీటిని, తన గుట్టను కాపాడుకొనగలదు.

మూడు పుట్టుకలు

లోకములోని రాళ్ల పేర్లు వందలకొలదిగ ఉన్నను వాని పుట్టుకలు మూడే. భూగర్భములోని వేడికి కరగిన రాతిద్రవము చల్లారి గట్టిపడగా ఏర్పడినవి అగ్నిశిలలు. వాన, గాలి, ఏరు కొట్టుకొనివచ్చిన ఇసుక, బురద నీటి అడుగున పొరలుపొరలుగా పేరుకొని గట్టిపడగా ఏర్పడినవి అవక్షేప శిలలు. నీటిలో కరగియున్న సున్నము మొదలగునవి అడుగునకు దిగినందువలన ఏర్పడినవి కూడ వీనిలోనివే. ఈ రెండు తెగల రాళ్లు భూమిలోతున తీవ్రమైన వేడికి, ఒత్తిడికి లోనై, కరగకయే స్వరూపమును మార్చుకొనినచో అవి రూపాంతర శిలలగును. కుమ్మరి ఆములో పచ్చికుండ కరగదు. అయినను ఆమునుండి వెలువడునది పచ్చికుండ కాదు. రూపాంతరము ఇట్టిదే.

ఈ మూడు తెగల రాళ్లును మన తెలుగు దేశమున కలవు. వానిని చూచుటకు దూరప్రయాణము చేయనక్కరలేదు.

నిప్పునుండి పుట్టినవి

హైదరాబాదు పరిసరములయందు, నల్లగొండ, మహబూబ్‌నగర్, అనంతపురము ప్రాంతములయందు బండపై బండ పేర్చినట్లు కనబడు గుట్టలు గ్రానైటు గుట్టలు. గోలకొండ కోట నిలిచియున్నది ఇట్టి గుట్టమీదనే. ఈ రాతి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. గ్రానైటు భూమిపై పుట్టలేదు. అనేక మైళ్ల లోతున రాతిద్రవము లక్షల సంవత్సరములపాటు మెల్లమెల్లగా చల్లారినది. నెమ్మదిగా చల్లారినందున అందలి ఖనిజములు పెద్ద పలుకులుగా పెరుగుటకు వ్యవధి కలిగినది. అందుచేతనే గ్రానైటు ముక్కను చేతబట్టి చూచినచో తెల్లని పలుగురాయి, గులాబి లేక బూడిదరంగు ఫెల్డ్‌స్పారు, నల్లగా మెరయు అభ్రకము వేరువేరుగా కంటికి కనబడును. దానిపైనున్న రాతి కప్పు కోట్ల సంవత్సరములలో అరగిపోగా, లోపలి గ్రానైటు బయటపడినది.

లోతున చల్లారక, భూమిపైకి పొంగి ప్రవహించిన రాతిద్రవమునే లావా యందురు. అది గాలి తగిలి త్వరగా చల్లారును గనుక పలుకులు పెరుగుటకు వ్యవధి ఉండదు. నల్లగా, సన్నని పొందికతో, బరువుగా ఉండు ఈ రాయి పేరు బసాల్టు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట దక్కనులో లావా వెల్లువలు ఒకదానిపై నొకటి పరచుకొనెను. వాని దక్షిణపు, తూర్పు అంచులు నేటి ఆదిలాబాదు, నిర్మల్, జహీరాబాదు, వికారాబాదు ప్రాంతములవరకు వచ్చినవి. గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరము చెంత కాతేరు వద్దను, ఆవలి గట్టున పంగిడి, దుద్దుకూరు వద్దను కూడ బసాల్టు కలదు. అచట రెండు లావా పొరల నడుమ సున్నపురాతి పొర యొకటి చిక్కుకొనియున్నది. అందు నాటి నత్తగుల్లల అవశేషములు కనుగొనబడినవి. అనగా ఒక వెల్లువకును మరియొక వెల్లువకును నడుమ అచట నీరు నిలిచినది, జీవులు బ్రతికినవి.

ఈ రెంటికిని నడుమ మూడవ విధము మరియొకటి కలదు. గ్రానైటులోని నిలువు పగుళ్లలోనికి రాతిద్రవము చొచ్చుకొని అక్కడనే గట్టిపడినచో నల్లని డోలరైటు గోడ ఏర్పడును. తెలంగాణలోను, రాయలసీమలోను పొలములకు అడ్డముగా తిన్నగా సాగిపోవు నల్లరాతి గుట్టల వరుసలు ఇట్టివే. వ్యాపారులు నల్ల గ్రానైటు అని అమ్మునది చాల వరకు ఈ రాయియే.

నీటినుండి పుట్టినవి

కడప, కర్నూలు, నంద్యాల ప్రాంతములు ఒకప్పుడు లోతు తక్కువయైన సముద్రము క్రింద ఉండెడివి. సుమారు 190 కోట్ల సంవత్సరముల నాటికే అచట ఇసుక, బురద, సున్నము పొరలుగా దిగుట ఆరంభమైనది. ఎప్పటికప్పుడు క్రొత్త పొర బరువు పాత పొరను అణచెను. సున్నము, సిలికా రేణువులను అతికించెను. ఇసుక ఇసుకరాయి ఐనది. సున్నపు బురద సున్నపురాయి ఐనది. మన యిండ్ల గచ్చునకు వాడు కడప బండ, బేతంచెర్ల బండ, తాండూరు బండ చక్కని పలకలుగా లేచివచ్చుటకు కారణమిదియే. రాతిపనివాడు వానిని పలకలుగా చేయుట లేదు. సముద్రము పరచిన పొరలను విడదీయుచున్నాడు.

వేంపల్లె ప్రాంతపు సున్నపురాళ్లలో ఉల్లిపాయ పొరలవలె వంపులు తిరిగిన గుర్తులు కనబడును. ఇవి శిల్పుల పని కాదు. ఆ సముద్రపుటంచున పెరిగిన సూక్ష్మజీవుల తెట్టు పొరలుపొరలుగా రాయియైన జాడలివి. సున్నపురాయికి మరియొక గుణము కలదు. వాననీటిలోని స్వల్పమైన ఆమ్లమునకు అది కరగును. కొలిమిగుండ్ల సమీపమున నున్న బెలుం గుహలు, 3 కిలోమీటర్లకు మించిన పొడవుగలవి, ఇట్లు నీరు కరగించిన మార్గములే.

గోదావరి లోయలోని కథ వేరు. సుమారు 25 నుండి 30 కోట్ల సంవత్సరముల క్రిందట అచట నేల క్రుంగి పొడవైన పల్లమేర్పడినది. అందు నదులు ఇసుకను నింపినవి. చిత్తడి అడవులు పెరిగి, కూలి, పూడిపోయినవి. ఇసుక ఇసుకరాయి కాగా, చెట్లు బొగ్గు ఐనవి. 1871లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున ఈ బొగ్గును గుర్తించెను. సింగరేణి గనులకు అదియే నాంది.

మార్పు చెందినవి

శ్రీకాకుళము మొదలు విశాఖపట్టణము, గోదావరి మన్యము వరకు వ్యాపించిన తూర్పు కనుమలు రూపాంతర శిలలకు నిలయము. అచట తరచుగా కనబడు ఎరుపు, గోధుమరంగుల చారల రాతిని ఖొండలైటు అందురు. ఆ కొండలలో నివసించు ఖోండు జాతివారి పేరే దానికి పెట్టబడినది. సింహాచలపు కొండ ఈ రాతిదే. పూర్వము బురదగాను, ఇసుకగాను నీటి అడుగున దిగిన పదార్థము భూమిలోతునకు పోయి, అచట కాగి, నలిగి ఈ రాయిగా మారినది. చారలు ఆ ఒత్తిడికి గుర్తులు.

సున్నపురాయి ఇట్లు మారినచో చలువరాయి యగును. ఇసుకరాయి మారినచో క్వార్ట్‌జైటు అను మిక్కిలి కఠినమైన రాయి యగును. దీనిలో ఇసుక రేణువులు ఒకదానితో నొకటి ఎంత గట్టిగా అతుకుకొనుననగా, సుత్తితో కొట్టినపుడు రాయి రేణువుల నడుమ గాక రేణువులగుండ పగులును.

తిరుమల కొండ యెక్కువారు ఒక విచిత్రమును గమనింపవచ్చును. కొండ దిగువ భాగమున గ్రానైటు జాతి రాయి. పై భాగమున పొరలుగల క్వార్ట్‌జైటు. రెంటిని వేరు చేయు గీత ఘాటు రోడ్డు ప్రక్కన స్పష్టముగా కనబడును. భూగర్భ సర్వేక్షణ శాఖ దానిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా గుర్తించినది. క్రింది రాయి పుట్టి, పైకి తేలి, అరగి చదునైన తరువాత, పదుల కోట్ల సంవత్సరములు గడచిన పిమ్మట దానిపై ఇసుక దిగినది. ఆ గీత మీద వ్రేలు పెట్టినచో అంత కాలము మీద వ్రేలు పెట్టినట్లే. కొండపైనున్న శిలాతోరణము ఆ పైరాతిని గాలి, వాన తొలిచినందున ఏర్పడినది.

ఇట్లు ఒక తెగ రాయి మరియొక తెగ రాయిగా మారుచునే యుండును. గ్రానైటు అరగి ఇసుక యగును. ఇసుక ఇసుకరాయి యగును. ఇసుకరాయి క్వార్ట్‌జైటు యగును. అదియు అరగి మరల ఇసుక యగును. విశాఖపట్టణము, భీమునిపట్టణముల నడుమ సముద్రతీరమున నున్న ఎర్రమట్టి దిబ్బలు ఈ చక్రములో ఇంకను రాయి కాని దశలో నున్నవి. మన పొలములోని మన్నును ఈ చక్రములోని భాగమే. గ్రానైటు శిథిలమైనచోట ఎర్రనేల, చెల్క నేల. బసాల్టు శిథిలమైనచోట నల్లరేగడి. అధిక వర్షము, వేడిమి చిరకాలము కలిసి పనిచేసినచోట తక్కిన పదార్థము కొట్టుకొనిపోయి, ఇనుము, అల్యూమినియము మిగిలి ఎర్రని లాటరైటు ఏర్పడును. జహీరాబాదు, వికారాబాదు ప్రాంతములలో ఇది కలదు.

ఏ రాతిలో నీరెక్కడ?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. రెండు బోరులలో ఒకటి మాత్రమే ఎందుకు పండినది?

గట్టి గ్రానైటులో నీటికి చోటు లేదు. నీరుండునది రెండు చోట్ల : పైన శిథిలమై మొరముగా మారిన పొరలోను, దాని క్రింది పగుళ్లలోను. పగుళ్లు అంతటను ఉండవు. పాఠశాల ప్రక్కన బోరునకు పగులు తగిలినది; రెండవదానికి తగులలేదు. లోతునకు పోయినకొలది పై బరువు వలన పగుళ్లు మూసికొనిపోవును. సాధారణముగా నీటి పగుళ్లలో అధికభాగము మొదటి 300 అడుగుల లోపుననే ఉండును. కావున గ్రానైటు ప్రాంతమున ‘ఇంకను నూరడుగులు దింపినచో పడవచ్చును’ అనుట చాలసార్లు సొమ్ము పోగొట్టు సలహా. అట్లే డోలరైటు గోడ భూమిలోపల ఆనకట్టవలె పనిచేసి నీటిని ఒక వైపున నిలుపవచ్చును. ఎగువ వైపున నీరు పుష్కలముగ ఉండి, దిగువ వైపున బావులు ఎండియుండుటకు ఇదియొక కారణము.

బసాల్టులో నీరు రెండు లావా వెల్లువల నడుమ నున్న బుడగల పొరలో దొరకును. ఇసుకరాతిలో రేణువుల సందులన్నియు నీటికి ఇండ్లే. గోదావరి లోయలో లోతైన బోరులు పండుట ఇందువలననే. సున్నపురాతిలో నీరు కరగిన దారులగుండ త్వరగా పారును. ఇది లాభమే యైనను ప్రమాదము కూడ. ఇసుక వడగట్టినట్లు ఆ దారులు నీటిని వడగట్టవు. సున్నపురాతి గ్రామములలో మరుగుదొడ్ల గుంతలు, చెత్తకుప్పలు బావికి చేరువగా ఉండరాదు.

గ్రానైటు నీటికి సంబంధించిన మరియొక విషయము మిక్కిలి ముఖ్యమైనది. ఆ రాతిలోని కొన్ని ఖనిజములందు ఫ్లోరైడు కలదు. నీరు పగుళ్లలో చిరకాలము నిలిచినచో ఆ ఫ్లోరైడు నీటిలో కరగును. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములలో ఈ నీటివలన కలుగు వ్యాధిని వైద్యులు గుర్తించిరి. నల్లగొండ జిల్లా గ్రామములు దీనివలన పడిన బాధ అందరకు తెలిసినదే : పిల్లల పండ్లు గారపట్టుట, పెద్దల ఎముకలు బిగిసికొనిపోయి నడుము వంగిపోవుట. ఇది శాపము కాదు, వంశపారంపర్యము కాదు. రాతిలోనిది నీటిలోనికి వచ్చినది, అంతియే. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1 మిల్లీగ్రాము మించకుండుట మంచిది; వేరు ఆధారము లేనపుడు 1.5 మిల్లీగ్రాముల వరకు భారత ప్రమాణములు అంగీకరించుచున్నవి. నీటిని కాచినందువలన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన మేరకు దాని పాలు పెరుగును. క్రొత్త బోరు నీరు తియ్యగా నున్నదని త్రాగుటకు ఇచ్చివేయక, ముందు పరీక్ష చేయించుట పంచాయతీ విధి.

గుట్ట మరల పెరుగదు

రాయిని త్రవ్వుట తప్పు కాదు. మన పూర్వులు ఏ పనికి ఏ రాయి తగునో బాగుగ నెరిగినవారు. పాలంపేటలోని రామప్ప దేవాలయమును చూడుడు. గోడలకు ఇసుకరాయి, సన్నని చెక్కడము నిలువవలసిన స్తంభములకు, బొమ్మలకు నల్లని డోలరైటు, శిఖరమునకు తేలికయైన ఇటుకలు. 1213లో ప్రతిష్ఠింపబడిన ఆ గుడి 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపబడినది.

కాని క్వారీకి సమ్మతి తెలుపుటకు పూర్వము పంచాయతీ కొన్ని లెక్కలు వేసికొనవలెను. గుట్టపై పడిన వాన ఏ చెరువునకు పారుచున్నది? పేలుళ్ల వలన దగ్గరి బావులకు, ఇండ్లకు ఏమగును? త్రవ్విన గుంతను ఎవరు పూడ్చుదురు, ఎవరు కంచె వేయుదురు? గ్రానైటు, ఇసుకరాయి, క్వార్ట్‌జైటులలో పలుగురాయి అధికము. దాని సన్నని ధూళి యేండ్ల తరబడి పీల్చిన కూలీలకు సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి వచ్చును. ఒకసారి వచ్చిన పిదప అది నయము కాదు. నీరు చల్లుచు రాయి కోయుట, ధూళిని ఆపు తగిన ముసుగులు కూలీలకిచ్చుట తప్పక జరుగవలెను. షెడ్యూల్డు ప్రాంతములలో చిన్నతరహా ఖనిజముల లీజునకు ముందు గ్రామసభ లేక తగిన స్థాయి పంచాయతీ సిఫారసు ఉండితీరవలెనని 1996వ సంవత్సరపు పంచాయతీల విస్తరణ చట్టము చెప్పుచున్నది. ఆ అధికారమును చదువక సంతకము చేయుట దానిని వదలుకొనుటయే.

పంచాయతీ చేయదగిన పని

దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక పుస్తకము చాలును. గ్రామములో ఇంతవరకు వేసిన ప్రతి బోరును గురించి అందు వ్రాయుడు : ఎక్కడ వేసిరి, కేసింగు గొట్టము ఎన్ని అడుగులు దిగినది, ఏ లోతున నీరు తగిలినది, ఏ రంగు రాతిపొడి వచ్చినది, నీరు పడినదా లేదా, పరీక్షలో ఫ్లోరైడు ఎంత. కేసింగు దిగిన లోతు మెత్తని శిథిల పొర లోతును సుమారుగా తెలుపును. ఆ పొర ఎక్కువగా నున్నచోట నీరు నిలుచుటకు అవకాశమును ఎక్కువ. పండని బోరును కూడ వ్రాయుట మరువవలదు. పండిన బోరు ఒక్కసారి మేలు చేయును. పండని బోరు, వ్రాసియుంచినచో, తరువాతి పంచాయతీకి సైతము మేలు చేయును.

గ్రామ పటములో గుట్టలు, నల్లరాతి గోడలు, నాపబండల గనులు, రేగడి నేలలు గుర్తింపుడు. రాయి సున్నపురాయి యగునో కాదో సందేహమైనచో దాని పొడిపై నిమ్మరసము పిండి చూడుడు. సన్నగా బుడగలు లేచినచో అది సున్నపురాయి కావచ్చును. బోరు వేయుటకు ముందు భూగర్భ జల శాఖవారి సర్వే కోరుడు. ఈ పుస్తకము వారి చేతికిచ్చినచో వారి సర్వేకు బలము చేకూరును. 2002వ సంవత్సరపు నీరు, భూమి, చెట్ల చట్టము బావుల నమోదును, అనుమతులను గురించి చెప్పుచున్నది. ఆ నమోదు కాగితములకొరకు మాత్రమే గాక, గ్రామమునకు పనికివచ్చు జ్ఞానముగా ఉండవలెను.

250 కోట్ల సంవత్సరములకు పుట్టిన రాయిని మనము ఒక వేసవిలో పిండి చేయగలము. అది దాచిన నీటిని కొన్ని యేండ్లలో తోడివేయగలము. మరల పుట్టించుట మాత్రము మన చేతిలో లేదు. తరువాతి సమావేశములో బోరు విషయము వచ్చినపుడు ‘ఎన్ని అడుగులు?’ అను ప్రశ్నకు ముందు ‘ఏ రాయి?’ అను ప్రశ్న వేయుడని సభ్యులను మేము కోరుచున్నాము.